కావాలని చేయలేదు అన్నాక ఇంకేం మిగులుతుంది?

బెంగళూరు రోడ్ల మీద రోజూ వినిపించే మాట ఒకటుంది. బండికి బండి తగిలినా, బస్సులో కాలు తొక్కినా, పార్కింగ్‌లో అద్దం విరిగినా కన్నడంలో అయితే "బేకంత మాడిల్ల" అంటారు, మనవాళ్లయితే "కావాలని చేశానా ఏంటి" అంటారు. ఆ మాటతో సగం గొడవ చల్లారుతుంది, మిగతా సగం చల్లారదు. ఎందుకు చల్లారదు అని కాస్త ఆగి ఆలోచిస్తే, మనిషి చేసే పని అంటే అసలు ఏమిటి, ఆ పనికి అతను ఎంతవరకు బాధ్యుడు అనే పాత ప్రశ్నలన్నీ ఆ చిన్న మాటలోనే ఉన్నాయని తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊహించిందే, కానీ మారతహళ్లి వైపు ఉండేవాళ్లెవరికీ కొత్తగా అనిపించదు. మదనపల్లె నుంచి వచ్చి డెలివరీ పని చేసుకుంటున్న ఒక కుర్రాడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డులో రాంగ్ సైడ్‌లో వస్తున్నాడు. సరిగ్గా వెళ్లాలంటే యూటర్న్ చాలా దూరం. బ్యాగులో బిర్యానీ ఉంది, యాప్‌లో టైమ్ తగ్గిపోతోంది, ఆర్డర్ పెట్టినాయన అప్పటికే ఒకసారి ఫోన్ చేసి "ఇంకెంతసేపు?" అని అడిగాడు. అటు ఫుట్‌పాత్ మీద పలకలు లేచిపోయి ఉంటే ఒక పెద్దావిడ రోడ్డు మీదకు దిగింది. బళ్లు వచ్చే వైపు చూసుకుంది, రాకూడని వైపు చూసుకోలేదు. బండి తగిలింది, ఆవిడ తుంటి ఎముక విరిగింది. కుర్రాడు వణికిపోతూ ఒకటే మాట అంటున్నాడు: "కావాలని చేయలేదమ్మా."

అతను అబద్ధం చెప్పడం లేదు, ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఆ మాట దేని గురించి నిజం, దేని గురించి నిజం కాదు అన్నది విడదీసి చూడాలి. ఇక్కడ ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ అనే బ్రిటిష్ తత్వవేత్త బాగా సాయపడుతుంది. 1957లో ఆవిడ 'ఇంటెన్షన్' అని ఒక చిన్న పుస్తకం రాసింది, మనిషి చేసే పనుల గురించి ఆ తర్వాత ఎవరు రాసినా దాన్ని దాటి వెళ్లాల్సిందే. అందులో ఒక ఇంటి ట్యాంకులోకి ఒకడు పంపుతో నీళ్లు ఎక్కిస్తుంటాడు, ఆ నీళ్లలో ఎవరో విషం కలిపి ఉంటారు. ఇప్పుడు వాడు చేస్తున్న పని ఏమిటి? చేయి ఆడించడమా, పంపు కొట్టడమా, ట్యాంకు నింపడమా, ఆ ఇంట్లోవాళ్లకు విషం పెట్టడమా? పని ఒక్కటే, దాన్ని చెప్పే తీరులు నాలుగు. "ఎందుకు చేస్తున్నావు?" అని అడిగినప్పుడు ఏ తీరుగా చెప్పిన పనికి వాడి దగ్గర తనదైన కారణం ఉంటుందో, ఆ తీరులో అది కావాలని చేసిన పని. విషం సంగతి తెలియనివాడు ట్యాంకు నింపడం కావాలనే చేశాడు, విషం పెట్టడం మాత్రం కావాలని చేయలేదు.

అదే ప్రశ్న మన కుర్రాణ్ణి అడిగి చూడండి. ఆవిణ్ణి ఎందుకు గుద్దావు అంటే అతని దగ్గర జవాబు లేదు, ఆ ప్రశ్నే అతనికి అన్యాయంగా అనిపిస్తుంది. రాంగ్ సైడ్‌లో ఎందుకొచ్చావు అంటే మాత్రం తడుముకోకుండా చెప్తాడు, యూటర్న్ దూరం సార్, టైమ్ లేదు సార్ అని. గుద్దడం కావాలని కాదు, రాంగ్ సైడ్ రావడం కావాలనే, ఆ రెండూ ఒకే బండి ఒకే క్షణంలో చేసిన ఒకే కదలిక. రోడ్డు మీద వాదనలు గంటసేపు నడిచినా తెగకపోవడానికి ఇదే కారణం అనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెప్తుంటారు, ఒకే పని గురించే చెప్తుంటారు, కానీ దాని రెండు వేర్వేరు పొరల గురించి.

ఆన్‌స్కోంబ్ కంటే చాలా ముందే అరిస్టాటిల్ ఈ విషయాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. 'నికోమాకియన్ ఎథిక్స్' మూడో పుస్తకంలో ఆయన చెప్పేది ఏమిటంటే, ఒక పని మన ఇష్టంతో జరగలేదు అనడానికి ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి బలవంతం, రెండోది తెలియకపోవడం. అయితే తెలియకపోవడానికి నువ్వే కారణమైతే ఆ సాకు చెల్లదు. తాగి తప్పు చేసినవాడికి రెట్టింపు శిక్ష వేసే చట్టాల్ని ఆయన గుర్తు చేస్తాడు, ఎందుకంటే తాగకుండా ఉండడం వాడి చేతుల్లోనే ఉంది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కూడా ఆ తర్కంతోనే నడుస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉంటే చాలు, ప్రమాదం జరిగిందా లేదా అని చూడదు. ఒంటి మీద అదుపు తప్పే స్థితిలోకి తనంతట తాను వెళ్లి బండి నడపడమే నేరం.

మన కుర్రాడు తాగలేదు. కానీ "ఆవిడ దిగడం నేను చూసుకోలేదు" అనే మాట వెనక కూడా ఇలాంటిదే ఒకటుంది. ఆవిడ అటు చూడకపోవడానికి కారణం, అటు నుంచి ఎవరూ రారనే నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేసింది అతని రాంగ్ సైడే.

తెలియక చేసిన పని గురించి మన దగ్గర ఇంతకంటే సూటిగా అడిగిన కథ ఉంది, భారతం ఆదిపర్వంలో మాండవ్యుడిది. దొంగలతో కలిపి రాజభటులు ఆయన్ని శూలం మీద ఎక్కిస్తారు. ఏ తప్పూ చేయని తనకు ఇంత శిక్ష ఎందుకు పడింది అని ఆయన వెళ్లి యమధర్మరాజునే నిలదీస్తాడు. చిన్నప్పుడు నువ్వు పురుగుల్ని గడ్డిపరకతో గుచ్చావు, దాని ఫలితం ఇది అంటాడు యముడు. ఊహ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని మాండవ్యుడు ఆ యముడికే శాపం పెడతాడు, ఆ శాపంతోనే యముడు విదురుడిగా పుట్టాడు. అంతటితో వదలకుండా, పద్నాలుగేళ్ల లోపు చేసింది ఇక పాపం కిందకు రాదని ఒక హద్దు కూడా గీస్తాడు. ధర్మానికి అధిపతి అయినవాణ్ణే బోనులో నిలబెట్టిన కథ ఇది. లెక్క తప్పకుండా ఫలితం ఇచ్చే యంత్రం ఉంటే న్యాయం జరిగిపోతుందనే ఆలోచనను అది ఒప్పుకోదు, చేసినవాడికి ఏం తెలుసు, ఎంత తెలుసు అని అడగకుండా వేసే శిక్ష అధర్మం అంటుంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లలో ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదని, ఏడు నుంచి పన్నెండు మధ్య వాళ్లకు మంచిచెడ్డలు తెలిసే పరిపక్వత ఉందో లేదో చూడాలని ఉంది. అంకెలు వేరైనా మాండవ్యుడు అడిగిన ప్రశ్నే.

ఇప్పుడు అన్నిటికంటే ఇబ్బంది పెట్టే విషయం. ఆ సాయంత్రం అదే సర్వీస్ రోడ్డులో, అదే స్పీడులో, అదే కారణంతో ముగ్గురు కుర్రాళ్లు రాంగ్ సైడ్‌లో వచ్చారనుకుందాం. మొదటివాడికి ఎవరూ అడ్డు రాలేదు, బిర్యానీ ఇచ్చేసి ఇంకో ఆర్డర్ తీసుకున్నాడు. రెండోవాడు మన కుర్రాడు. మూడోవాడికి తగిలిన మనిషి తల డివైడర్‌కు కొట్టుకుని చనిపోయింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహిత ప్రకారం, నిర్లక్ష్యంగా నడిపి ఎముక విరగ్గొడితే 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు, ప్రాణం పోతే 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. పాత ఐపీసీ 304-ఏలో ఇది రెండేళ్లే ఉండేది. మొదటివాడికి పోలీసు కంట పడితే ఒక ఫైన్, పడకపోతే అదీ లేదు. ముగ్గురి బుద్ధిలో తేడా లేదు, అజాగ్రత్తలో తేడా లేదు. తేడా అంతా ఎదురుగా ఎవరు వచ్చారు అన్నదాంట్లోనే ఉంది, అది ఈ ముగ్గురిలో ఎవరి చేతుల్లోనూ లేదు.

బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు 1976లో ఈ సమస్యను ఎదురెదురుగా పెట్టుకుని చర్చించారు. నైతిక అదృష్టం అని దీనికి పేరు. మన చేతుల్లో లేనిదానికి మనల్ని తప్పుపట్టకూడదు అని అందరూ ఒప్పుకుంటాం, కానీ మూడోవాణ్ణీ మొదటివాణ్ణీ ఒకేలా చూడమంటే ఒక్కరు కూడా చూడరు. నేగెల్ దీనికి పరిష్కారం ఉందని నటించలేదు, అందుకే ఆయన వాదన ఇప్పటికీ పదునుగా ఉంది. ఇక్కడ రెండు ప్రశ్నల్ని కలిపేయడం వల్ల చిక్కు పెరుగుతోంది అనిపిస్తుంది. ఈ మనిషి ఎంత చెడ్డగా ప్రవర్తించాడు అన్నది ఒకటి, ఇతను దేనికి జవాబు చెప్పాలి అన్నది ఇంకొకటి. మొదటి ప్రశ్నకు ముగ్గురూ సమానమే, అందుకే అదృష్టం బాగుండి బయటపడిన మొదటివాడు తనను తాను మంచి డ్రైవర్ అనుకోవడానికి ఏ హక్కూ లేదు. రెండో ప్రశ్నకు మాత్రం ముగ్గురూ వేరు. ఒకడి వల్ల ఒక ఇంటికి ఆసుపత్రి ఖర్చు వచ్చి పడింది, ఇంకొకడి వల్ల ఒక ఇంట్లో మనిషే లేదు.

విలియమ్స్ ఇంకో మాట చెప్పాడు. ఒక లారీ డ్రైవర్, తన తప్పు ఏమాత్రం లేకుండానే, అడ్డంగా పరిగెత్తుకొచ్చిన బిడ్డను గుద్దేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నీ తప్పేం లేదయ్యా అని ఓదారుస్తారు, ఓదార్చాలి కూడా. కానీ ఆ డ్రైవర్ వెంటనే "అవును, నా తప్పేం లేదు" అని దులుపుకుని వెళ్లిపోతే అదే మనుషులకు ఒళ్లు జలదరిస్తుంది. తప్పు లేకపోయినా అది జరిగింది తన చేతుల మీదుగానే, పక్కన నిలబడి చూసినవాడి బాధా తన బాధా ఒకటి కాదు.

ఇది తెలుగువాళ్లకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. పొరపాటున పక్కవాళ్లకు కాలు తగిలితే వెంటనే వాళ్లను చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం, కిక్కిరిసిన బీఎంటీసీ బస్సులో కూడా, తెలియనివాళ్లయినా, చెయ్యి సగం దాకా అయినా వెళ్తుంది. కావాలని తన్నాడని ఎవరూ అనుకోరు, తన్నానని చేసినవాడూ అనుకోడు. పెద్దవాళ్లు "పర్వాలేదు నాయనా" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఈ ఆచారంలో నేరం ఒప్పుకోవడం ఏమీ లేదు, ఉన్నదల్లా ఇది నా వల్ల జరిగింది అని గుర్తించడం. అది కూడా చేయకుండా మొహం తిప్పుకుంటే అప్పుడు కోపం వస్తుంది, కాలు తగిలినందుకు కాదు. 1962లో పీటర్ స్ట్రాసన్ అనే ఇంగ్లండ్ తత్వవేత్త బాధ్యత అనే భావనకు మూలం ఇలాంటి కోపతాపాల్లో, కృతజ్ఞతల్లో, నొచ్చుకోవడంలోనే ఉందని వాదించాడు. ఎదుటివాడు చేతి మీద కాలు వేస్తే నొప్పి ఎలాగూ ఒకటే, కానీ పొరపాటున వేశాడా, లెక్కలేనితనంతో వేశాడా అన్నదాన్ని బట్టి మన మనసు వేరేగా స్పందిస్తుంది. మనిషికి నిజంగా ఎంచుకునే స్వేచ్ఛ ఉందా లేదా అనే పెద్ద సిద్ధాంతం తేలేదాకా ఆ స్పందనలు ఆగవు, ఆగాల్సిన అవసరమూ లేదు.

స్వేచ్ఛ సంగతి వచ్చింది కాబట్టి బెంజమిన్ లిబెట్ అనే మెదడు పరిశోధకుడి ప్రయోగం ఒకటి. మణికట్టు కదపాలని మనిషికి అనిపించడానికి ముందే, కదలికకు దాదాపు అర సెకను ముందు, మెదడులో విద్యుత్ మార్పు మొదలవుతుందని 1983లో ఆయన చూపించాడు. నిర్ణయాలన్నీ మెదడు ముందే చేసేస్తోంది, మనం ఊరికే చూస్తున్నాం అని దాని మీద చాలా ప్రచారం జరిగింది. 2012లో ఆరన్ షూర్గర్ బృందం ఆ మార్పు మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గుల నుంచే రావచ్చని ఇంకో వివరణ ఇచ్చింది. ఏదైనా, రాంగ్ సైడ్ రావడం అర సెకనులో పుట్టిన నిర్ణయం కాదు. మొదటిసారి భయపడుతూ వచ్చాడు, ఏమీ కాలేదు, తర్వాత భయం తగ్గింది, నెలలు గడిచాక అదే దారి అయిపోయింది. బాధ్యత వెతకాల్సింది ఆ నెలల్లో.

ఆ నెలల్లో అతనొక్కడే లేడు. "నా చేతుల్లో లేదు సార్" అని అతను అంటే అందులోనూ నిజం ఉంది. బండి మీద ఈఎంఐ, పీజీ అద్దె, ఇన్ని ఆర్డర్లు పూర్తి చేస్తేనే వచ్చే ఇన్సెంటివ్, ఊళ్లో ఇంటికి పంపాల్సిన డబ్బు. అరిస్టాటిల్ దీనికి దగ్గరి ఉదాహరణే ఇచ్చాడు. తుఫానులో ఓడ మునిగిపోకుండా ఉండాలని నావికులు సరుకు సముద్రంలో పారేస్తారు. మామూలుగా ఎవరూ చేయని పని, అయినా ఆ క్షణంలో వాళ్లే ఎంచుకుని చేస్తారు, అందుకే అది బలవంతమూ స్వేచ్ఛా కలగలిసిన పని, కాస్త స్వేచ్ఛ వైపే మొగ్గిన పని అంటాడు ఆయన. మన కుర్రాడిదీ అలాంటిదే. కాకపోతే ఒక్క తేడా ఉంది, అది చాలా పెద్ద తేడా. తుఫానును ఎవరూ తయారు చేయలేదు. యాప్‌లో టైమ్ ఎంత చూపించాలి, ఆలస్యమైతే రేటింగ్ ఎంత తగ్గాలి అన్నది ఎవరో కూర్చుని నిర్ణయించారు. ఆ పని చేసిన ఇంజనీర్ ఇదే రింగ్ రోడ్డు మీద ఏదో టెక్ పార్కులో ఉండొచ్చు, అతనూ తెలుగువాడే అయి ఉండొచ్చు, ప్రమాదాలు జరగాలని అతను కలలో కూడా కోరుకోడు. అడిగితే అతనూ కావాలని చేయలేదనే అంటాడు.

ఈ రకం సాకును జాషువా నోబ్ అనే పరిశోధకుడు 2003లో పరీక్షించాడు. ఒక కంపెనీ ఛైర్మన్ దగ్గరకు కొత్త ప్రణాళిక వస్తుంది, దీంతో లాభాలు పెరుగుతాయి, పర్యావరణానికి హాని కూడా జరుగుతుంది అని చెప్తారు. పర్యావరణం సంగతి నాకు పట్టదు, లాభం వస్తే చాలు, మొదలుపెట్టండి అంటాడు. హాని జరుగుతుంది. ఛైర్మన్ ఆ హాని కావాలని చేశాడా అని అడిగితే 82 శాతం మంది అవునన్నారు. అదే కథలో హాని అన్న చోట మేలు అని మార్చి, అదే మాట అనిపించి, మేలు కావాలని చేశాడా అని అడిగితే అవునన్నవాళ్లు 23 శాతమే. రెండు చోట్లా ఛైర్మన్ మనసులో ఉన్నది లాభమొక్కటే. హాని జరుగుతుందని తెలిసీ పట్టించుకోకపోతే జనం దాన్ని కావాలని చేసినట్టే లెక్కేస్తారన్నమాట. జనం ఇక్కడ పొరపడుతున్నారని కొందరు విమర్శకులు అంటారు కానీ, వాళ్లు చాలావరకు సరిగ్గానే పట్టుకున్నారు. ముందే తెలిసిన నష్టాన్ని పక్కన పెట్టడం కూడా ఒక ఎంపికే.

అలాగని బాధ్యతను అన్నదమ్ముల ఆస్తి పంపకంలా చూడకూడదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో జరిగే వాదనలు సరిగ్గా ఇలాగే ఉంటాయి, ఒకరు ఈ డెలివరీ వాళ్లంతా ఇంతే అంటారు, ఇంకొకరు వాళ్లనేం అంటారు, కంపెనీలదే తప్పు అంటారు, మూడో ఆయన ఫుట్‌పాత్ ఫొటో పెట్టి కార్పొరేషన్‌ను తిడతాడు. ఒకరి వాటా పెరిగితే ఇంకొకరి వాటా తగ్గాలి అన్నట్టు మాట్లాడతారు. కోర్టులో నష్టపరిహారం పంచేటప్పుడు ఆ లెక్క అవసరం, నిజమే. కానీ కంపెనీ టైమర్ తప్పని తేలినంత మాత్రాన కుర్రాడు రాంగ్ సైడ్ వచ్చిన పని కుంచించుకుపోదు, కుర్రాడు తప్పు ఒప్పుకున్నంత మాత్రాన పలకలు లేచిన ఫుట్‌పాత్ సరికాదు. నలుగురు కలిసి నూరు శాతం అవ్వాలనే నియమం ఎక్కడా లేదు, నలుగురూ పూర్తిగా జవాబుదారులు అయ్యే సందర్భాలు ఉంటాయి. "ఇంకెంతసేపు?" అని ఫోన్ చేసినాయన కూడా ఆ నలుగురిలో ఉన్నాడు, అతనిది చిన్నదే, కానీ ఉంది.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పారు. పని జరిగే ఆధారం అంటే శరీరం, చేసే కర్త, పనిముట్లుగా ఉండే ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. వీటన్నిటినీ వదిలేసి నేనొక్కణ్ణే చేశాను అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదు అంటుంది ఆ వెంటనే వచ్చే శ్లోకాల్లో. దీన్ని పట్టుకుని అంతా దైవం, అంతా రాసిపెట్టి ఉంది, బుద్ధి కర్మానుసారిణి అనేయడం మనకు బాగా అలవాటు. ప్రమాదం జరిగిన చోట ఆ మాట బాధితులు అనుకుంటే అది ఓదార్పు, గుద్దినవాడు అంటే తప్పించుకోవడం. అసలు ఆ ఐదింటిలో కర్తను తీసేయలేదు, రెండో స్థానంలోనే ఉంచారు. అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి, అంతా చెప్పిన కృష్ణుడు అర్జునుడితో, దీన్ని పూర్తిగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అంటాడు. అంతా ముందే నిర్ణయమై ఉంటే ఆ మాటకు అర్థం లేదు. ప్రారబ్ధం గురించి ఇంత మాట్లాడుకునే మనం ఆగామి గురించి దాదాపు మాట్లాడుకోం. ఇప్పుడు చేసేదాని వల్ల ముందు ముందు ఫలం పోగవుతుంది అన్న ఆ సగం లేకపోతే కర్మ సిద్ధాంతం నిలబడదు.

ఇక ఆ రోడ్డు మీద జరగాల్సింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడడం డ్రైవర్ బాధ్యత, జనం మూక దాడికి దిగే పరిస్థితిలాంటివి ఉంటే తప్ప. 164వ సెక్షన్ కింద, ఎవరి తప్పూ రుజువు చేయనక్కర్లేకుండానే, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు బండి యజమాని గానీ బీమా కంపెనీ గానీ ఇవ్వాలి. తప్పు ఎవరిది అన్న ప్రశ్ననూ నష్టానికి జవాబు ఎవరు చెప్పాలి అన్న ప్రశ్ననూ చట్టం ఇక్కడ స్పష్టంగా విడదీసింది, అది మంచి పని. అరిస్టాటిల్ మాత్రం ఇంకో మెట్టు ఎక్కి, తెలియక చేసినవాడు తర్వాత బాధపడితేనే అది అతని ఇష్టానికి వ్యతిరేకంగా జరిగిన పని అంటాడు, బాధపడనివాణ్ణి వేరే వరుసలో నిలబెడతాడు. మన కుర్రాడు వణుకుతున్నాడు, కాబట్టి అతను ఏ వరుసలో ఉన్నాడో తెలుస్తూనే ఉంది.

మిగతావాళ్లది ఎలా తెలుస్తుంది? ఆవిడ ముందు నిలబడి ఎందుకు అనే ప్రశ్న ఎదుర్కొన్నది అతనొక్కడే. టైమర్ పెట్టినవాళ్లను ఆ ప్రశ్న అడగడానికి ఇన్నాళ్లూ దారే లేదు, 2025లో కర్ణాటక తెచ్చిన గిగ్ కార్మికుల చట్టంలో యాప్‌లు ఆటోమేటిక్‌గా తీసుకునే నిర్ణయాల గురించి కార్మికులకు తెలియజేయాలని ఉంది కాబట్టి ఇప్పుడు కొంచెం దారి పడింది. ఫుట్‌పాత్ సంగతి ఇంకా తేలిక. బెంగళూరు అంతటికీ ఒకటే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాక ఆ రోడ్డు ఎవరి కిందకు వస్తుందో ముందు కనుక్కోవాలి, తర్వాత సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, ఆ పలకలు చివరిసారి ఎప్పుడు వేశారు, ఎంత బిల్లు అయింది, పని సరిగ్గా జరిగిందని సంతకం పెట్టింది ఎవరు అని అడగొచ్చు. వాళ్లు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.